మూడో మలుపు దగ్గర తాడు

పటాన్‌చెరులోని కార్మికుల దవాఖానలో నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని. తొంభైల మొదటి సంవత్సరాల మాట ఇది. పొద్దున ఎనిమిది నుంచి వరసగా వచ్చేవాళ్లు. ప్రెస్సు కింద వేళ్లు నలిగినవాళ్లు, నిచ్చెన మీది నుంచి పడ్డవాళ్లు, ఆవిరి పీల్చి పీల్చి దగ్గు పట్టినవాళ్లు. వాళ్లను బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమని, కదలొద్దని చెప్పి మీట నొక్కడం, ఆ తర్వాత డార్క్‌రూములో ఎర్రబల్బు వెలుతురులో ఫిల్ము కడిగి ఆరేయడం నా పని. తొట్టిలో ముంచిన ఫిల్ము మీద ఎముక మెల్లగా తేలివస్తుంటే, ఎన్నేళ్లు చూసినా నాకు విసుగు పుట్టలేదు.

మా పెద్ద డాక్టరుగారు రిటైరై వెళ్తూ తన పాత రష్యా కెమెరా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. కడగడం ఎలాగూ వచ్చు, తీయడం కూడా నేర్చుకో అన్నారు. మొదట ఇంట్లోవాళ్లను, వాకిట్లో బంతిపూలను తీశాను. రెండు ఫిల్ము రోళ్లు అయ్యేసరికి మొహం మొత్తింది. రోజంతా మనుషులను కదలొద్దని చెప్పేదాన్ని సెలవు రోజున కూడా కదలని వాటినే తీయడం ఏమిటనిపించింది.

ఒక ఆదివారం మా ఆయనా నేనూ బొంతపల్లిలో వీరభద్రస్వామి దర్శనం చేసుకుని స్కూటరు మీద తిరిగి వస్తున్నాం. గడ్డపోతారం దగ్గరికి వచ్చేసరికి కందిరీగల తుట్టె కదిలినట్టు మోత వినిపించింది. రోడ్డు దిగి చూస్తే, ఎవరో కంపెనీ కడతామని చదును చేయించి వదిలేసిన జాగాలో పది పన్నెండు మోటారుసైకిళ్లు మట్టి రేపుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి. సైలెన్సర్లు విప్పేశారు, లైట్లు పీకేశారు. నడిపేవాళ్లంతా చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లు, లేదంటే మెకానిక్కులు. హైవే మీద బండ్ల రిపేరు షెడ్డు ఉన్న ఒక పెద్దమనిషి ఆ పందేలు నడిపించేవాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

ఆ రోజు సంచిలో ఉన్న కెమెరా తీసి రోలంతా ఖర్చు పెట్టేశాను. కడిగి చూస్తే ముప్పై ఆరింటిలో ఒక్క బండి కూడా సరిగ్గా లేదు. బండి రాకముందు నేల ఉంది, పోయాక దుమ్ము ఉంది. నవ్వు వచ్చింది కానీ పట్టుదల కూడా వచ్చింది.

తర్వాత మూడు నెలలు రుద్రారం దగ్గర హైవే పక్కన నిలబడి సాధన చేశాను. మా ఆయన స్కూటరు స్టాండు వేసి, పేపరు చదువుకుంటూ కాపలా కూర్చునేవాడు. బండి కనిపించగానే దాన్ని కెమెరాలో పట్టుకుని, దాని వేగంతో సమంగా నడుము తిప్పుతూ పోవాలి. మీట నొక్కాక కూడా తిరగడం ఆపకూడదు. అప్పుడు బండి నిలబడుతుంది, వెనకున్న లోకం గీతలు గీతలుగా పరిగెత్తుతుంది. నన్ను చూసి ఆర్టీవో ఆఫీసు మనిషి నంబర్లు పట్టుకుంటోందనుకుని కొందరు లారీ డ్రైవర్లు వేగం తగ్గించేవాళ్లు. దాంతో నా ఫొటో పోయేది.

దవాఖానలో వారానికోసారి పారబోసే డెవలపరు మందు నా ఫిల్ములకు పనికొచ్చేది. నా ఫిల్ముకు ఎర్రబల్బు కూడా పనికిరాదు. దాన్ని ఆర్పేసి, గుడ్డిచీకట్లో వేళ్లతో తడుముకుంటూ, మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ కడిగేదాన్ని.

పందేల్లో నాకు బాగా నచ్చిన బండి ఏడో నంబరుది. ఆ అబ్బాయికి ఇరవై నాలుగేళ్లుంటాయి. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో టెంపరరీ ఆపరేటరు. గుమ్మడిదల అవతల ఊళ్లో తండ్రికి రెండెకరాల పొలం. మాట తక్కువ. మలుపులో మిగతావాళ్లు బ్రేకు మీద కాలు వేసే చోట అతను లోపలి కాలు ముందుకు చాపి, బండిని నేలకు వాల్చి, ట్రాకు బయటి అంచున పోసిన సున్నం గీతను ముద్దుపెట్టుకున్నంత దగ్గరగా తిప్పేవాడు. గీత మాత్రం ఎప్పుడూ దాటేవాడు కాదు. ఉస్తాద్ కూడా కుర్రవాళ్లకు అతన్నే చూపించి నేర్చుకోమనేవాడు.

ఒకసారి మణికట్టు బెణికి మా దవాఖానకు వచ్చి, నన్ను గుర్తుపట్టాడు. సిటీలో ఒక మోటారు క్లబ్బు ఉందని, మంచి ఫొటో ఒకటి పంపితే పెద్ద పందేలకు పిలిచే అవకాశం ఉందని ఉస్తాద్ చెప్పాడట. "నా మొఖం, నంబరు, బండి వాలింది, మూడూ ఒక్కదాంట్ల రావాలె అక్కా. నువ్వైతే తీస్తవు" అన్నాడు. తీస్తానని మాట ఇచ్చాను. నన్ను నమ్మి ఒక ఫొటో అడిగిన మొదటి మనిషి అతనే.

ఆ వేసవిలో చివరి పందెం. ఎండ వాలి, నీళ్ల ట్యాంకరు ట్రాకు తడిపి వెళ్లిపోయింది. నాలుగు మలుపుల దగ్గరా ఉస్తాద్ సరుగుడు కర్ర గుంజలు పాతించి, మేకులకు లావాటి కొబ్బరితాడు కట్టించాడు. మూడో మలుపు దగ్గర ప్రత్యేకంగా రెండుసార్లు చూసుకున్నాడు. ఎందుకంటే కూలిపనికి పోయేవాళ్లు అటువైపు చేలలోంచి రోడ్డెక్కే కాలిబాట సరిగ్గా అక్కడే ట్రాకును దాటుతుంది. మైకులో కూడా తాడు అవతలే ఉండాలని చెప్పాడు. నన్ను చూసి, "మేడం, మీరు గూడ" అన్నాడు.

నేను నిలబడింది ఆ మూడో మలుపు దగ్గరే. దుమ్మంతా అటే కొడుతుందని జనం అటు రారు. వెలుతురు నా వెనక నుంచి పడుతోంది. కింద కూర్చుని చూస్తే ముందు చక్రం, మొహం, నంబరు అన్నీ ఒక్క చట్రంలోకి వస్తున్నాయి. కానీ తాడు అడ్డం. అతని ఛాతీ వచ్చే చోట సరిగ్గా గీత కొట్టినట్టు పోతోంది. నిలబడి తాడు పైనుంచి చూస్తే బండి పిల్లలాటగా కనిపిస్తోంది. పక్కకు జరిగితే వెలుతురు లేదు. జెండా ఊపడానికి ఉస్తాద్ అవతలి వైపు సిద్ధమవుతున్నాడు.

రెండు గుంజల మేకుల మీది నుంచి తాడు తప్పించి కింద వదిలాను. అంతే, రెండు చేతులతో అయిపోయిన పని. రెండు చుట్లు చూసుకుని మళ్లీ తగిలిద్దామనుకున్నాను. ఎవరూ లేని ఆ మలుపును, వెలుతురు లెక్క సరిచూసుకోవడానికి, ఒకసారి ఫొటో తీసి కూర్చున్నాను.

మొదటి చుట్టులో ఏడో నంబరు గుంపులో ఉన్నాడు. రెండో చుట్టులో ఇంకో బండి అడ్డం వచ్చింది. మూడులో నేను నడుము తిప్పడం ఆలస్యమైంది. నాలుగులో అతను గుంపును వదిలి ముందుకు వచ్చాడు. ఇప్పుడు ఒంటరిగా వస్తాడు, వచ్చే చుట్టులో దొరుకుతాడు అనుకున్నాను. తాడు సంగతి అప్పటికి నా తలలో లేదు.

ఐదో చుట్టులో అతని బండి అవతలి వంపు తిరిగి కనిపించింది. కంటిని కెమెరాకు ఆనించాను. బండిని పట్టుకున్నాను, నడుము తిప్పడం మొదలుపెట్టాను. చట్రం అంచులోకి పచ్చగా ఏదో వచ్చింది. గడ్డిమోపు. దాని కింద ఒక మనిషి. రోజూ నడిచే బాటన, తల మీది మోపుతో కళ్లూ చెవులూ సగం మూసుకుపోయి, తలవంచి నడుస్తున్నాడు. సున్నం గీత దాటి లోపలికి రెండడుగులు వేసి ఉన్నాడు.

నేను అరిచానో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అరిచినా ఆ మోతలో ఎవరికీ వినపడదు. నా నడుము ఆగిపోయింది. వేలు మాత్రం నొక్కేసింది.

ఏడో నంబరు బండిని ఇంకా కిందికి వాల్చి, ఆ మనిషి ముందు నుంచి తప్పించబోయాడు. మట్టి జారింది. అతను ఒక వైపు పడ్డాడు, బండి పడుకుని గిర్రున తిరుగుతూ వెళ్లి వెనక చక్రంతో ఆ మనిషి మోకాలి కింద కొట్టింది. గడ్డి గాలిలో చెదిరింది. వెనక వస్తున్న బండ్లు ఒకదాని మీద ఒకటి బ్రేకులు వేసుకుని ఆగాయి. మోత ఆగాక ఆ మనిషి మూలుగు వినపడింది.

జనం తాడు మీద కాళ్లు వేసుకుంటూ, దాన్ని ఈడ్చుకుంటూ లోపలికి ఉరికారు. గడ్డిమోపు మనిషికి యాభై దాటి ఉంటాయి. దగ్గరి ఊరివాడే, కూలికి పోతాడు, ఇంట్లో రెండు బర్రెలు. అతని అన్న ఆ జనంలోనే ఉన్నాడు. భుజం పట్టుకుని లేవలేక కూర్చున్న ఏడో నంబరు చొక్కా పట్టి రెండు చెంపదెబ్బలు కొట్టాడు. నేల మీది తాడు చూసి ఎవరో, వీడు గీత దాటి తాడు తెంపుకొచ్చిండు అన్నారు. ఆ మాట ఇంకొకరు అందుకున్నారు, మరో ఇద్దరు తలలూపారు. కాసేపట్లో అది చూసినట్టే చెప్పే మాట అయింది.

ఉస్తాద్ అడ్డం పడి అన్నను వెనక్కి నెట్టాడు. ఏడో నంబరు ముందు కూర్చుని, ఏం జరిగిందని అడిగాడు. అతను తాడు వైపు చూశాడు, బండి వైపు చూశాడు. "తెల్వదు ఉస్తాద్. నేను లోపట్నే ఉన్ననుకున్న" అన్నాడు.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నేనే విప్పానని చెప్పడానికి ఒక అడుగు వేశాను. అన్న చెయ్యి ఇంకా పైకి లేచే ఉంది. వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాను. నన్ను ఎవరూ అడగలేదు.

ఇద్దరినీ ఉస్తాద్ వ్యాన్‌లో మా దవాఖానకే తెచ్చారు. ఆదివారం కాబట్టి డ్యూటీ డాక్టరు ఒక్కరే ఉన్నారు. ఎక్స్‌రే గది తాళం తెరవాల్సింది నేనే. గడ్డిమోపు మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, ఆయన కాలిని రెండు చేతులతో పట్టుకుని ప్లేటు మీద పెట్టాను. నొప్పికి పళ్లు కొరుక్కున్నాడు. కదలొద్దని చెప్పాను.

"రోజు పోయే బాటనే బిడ్డా," అన్నాడు ఆయన, కళ్లు మూసుకుని. "తాడు కడితే ఆగుత. పోయినసారి గూడ ఆగిన. ఈపారి నాకు తగల్లే."

మీట నొక్కాను. మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. తర్వాత ఏడో నంబరుకు తీశాను. మెడ కింది ఎముక చిట్లింది. చిన్నపిల్లాడిలా చెప్పినట్టు తిరిగాడు.

మర్నాడు పని అయిపోయాక నా ఫిల్ము కడిగాను. అంతకుముందు ఎప్పుడూ లేనిది, చీకట్లో అంకెల లెక్క రెండుసార్లు తప్పింది. ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె మీద ఆ పట్టీని పరిచి భూతద్దం పెట్టాను. ఎవరూ లేని మలుపు ఫొటో స్పష్టంగా వచ్చింది. రెండు గుంజలు, ఖాళీ మేకులు, కింద గడ్డిపరకల్లో తాడు. ఆ తర్వాత మొదటి నాలుగు చుట్ల ఫొటోలు. వాటి తర్వాత ఆ చివరిది. నా నడుము ఆగిపోవడం వల్ల అందులో నేల కదలలేదు. గడ్డిమోపు మనిషి, ఆయన కాళ్ల వెనక సున్నం గీత, ఎదురుగా వాలిపోతున్న ఏడో నంబరు. అతని రెండు చక్రాలూ గీతకు లోపలే ఉన్నాయి, జానెడు కాదు, బారెడు లోపల.

ఏ కోర్టులోనూ ఇంతకంటే చెప్పనక్కర్లేదు. బండి రాకముందే తాడు కింద ఉంది. ఆ కుర్రవాడి తప్పు గోరంత కూడా లేదు.

పట్టీ ఇంటికి తెచ్చి మా ఆయనకు చూపించాను. కంపెనీ స్టోర్సులో పనిచేసే మనిషి, ప్రతి వస్తువునూ ఇటూ అటూ తిప్పి చూడటం అలవాటు. ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. విప్పుతుంటే ఎవరైనా చూశారా అని అడిగాడు. లేదన్నాను. పట్టీని బల్ల మీద పెట్టి వాకిట్లోకి వెళ్లాడు.

కత్తెర నేనే తెచ్చుకున్నాను. ఖాళీ మలుపు ఫొటో ఒక్కటి పోతే చాలు. చివరి ఫొటో ఏడో నంబరును కాపాడుతుంది, తాడు ఎలా ఊడిందో ఎవరికీ తెలియదు, గాలికి జారిందనుకుంటారు. రెండు ఫొటోల మధ్య సన్నటి ఖాళీలో కత్తెర పెట్టాను. ఎంతసేపు పట్టుకున్నానో, బొటనవేలు మీద గుంట పడింది. కత్తిరించలేదు. అలాగని ఎవరికీ చెప్పాలని కూడా అప్పుడు అనుకోలేదు. కత్తెర తీసి డబ్బాలో వేశాను, అంతే.

మంగళవారం ఏడో నంబరు కట్టు చూపించుకోవడానికి వచ్చాడు. వెంట తండ్రి. ఆయన చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, బేరం కుదిరితే బండి అమ్మేస్తామని, బుధవారం పొద్దున ఉస్తాద్ షెడ్డులో కూర్చుంటున్నామని, అక్కడ తెగకపోతే అవతలివాళ్లు స్టేషనుకు పోతామన్నారని చెప్పాడు. కేసైతే కంపెనీలో టెంపరరీ మనిషిని ఉంచరు. ఆ మాట చెప్పి తండ్రి మందుల కిటికీ దగ్గరికి వెళ్లాడు.

కొడుకు నా బల్ల ముందు నిలబడ్డాడు. రెండు రోజుల్లో మొహం లాక్కుపోయింది.

"అక్కా, నువ్వు గాడనే ఉన్నవు గదా. నేను గీత దాటిన్నా?"

నా సంచిలో, మూరెడు దూరంలో, ఆ పట్టీ ఉంది.

"ఫిల్ము ఇంకా కడగలే తమ్మీ," అన్నాను.

అతను తలూపాడు. "దాటి ఉంట. గంతమంది చెప్తున్నరంటే దాటే ఉంట. నాకే సోయి లేకుండ అయింది" అన్నాడు. చెయ్యి మెడకు వేలాడేసుకుని వెళ్లిపోయాడు.

విప్పిన తాడు మళ్లీ కట్టకపోవడం ఏమరుపాటు. ఆ సాయంత్రం ఎవరికీ చెప్పకపోవడం భయం. ఇది మాత్రం వేరు. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి అబద్ధం చెప్పాను. అతను ఆ అబద్ధాన్ని తన తప్పుగా మోసుకుపోయాడు. మిగతా పేషెంట్లను ఇంకో టెక్నీషియనుకు అప్పజెప్పి, సగం రోజు సెలవు పెట్టి, సంగారెడ్డి బస్సెక్కాను. పటాన్‌చెరు స్టూడియోలో నన్ను అందరూ ఎరుగుదురు.

సంగారెడ్డి స్టూడియో అతను రెండు ఫొటోలూ పెద్దవి చేసి తడిగానే క్లిప్పులకు తగిలించాడు. చివరిదాని ముందు నిలబడి, ఇంత బాగా ఎవరు తీశారని అడిగాడు. అంత బాగా వచ్చిన ఫొటో అంతకుముందు నేను తీయలేదు. నేనే తీశానని చెప్పడానికి నోరు రాలేదు. మా ఇంట్లోవాళ్లు అన్నాను.

బుధవారం పొద్దున మా ఆయన షిఫ్టుకు పోకుండా స్కూటరు బయటికి తీశాడు. నేను రమ్మని అడగలేదు. దారిలో ఒక్క మాట అన్నాడు, "అక్కడ మాట నువ్వే చెప్పాలె. నేను పక్కకుంట."

షెడ్డులో బండ్లు పక్కకు నెట్టి చాప పరిచారు. ఒక వైపు గడ్డిమోపు మనిషి అన్న, భార్య. ఇంకో వైపు ఏడో నంబరు, అతని తండ్రి. మధ్యలో స్టూలు మీద ఉస్తాద్. మేం పోయేసరికి బండి అమ్మకం మాట నడుస్తోంది. తండ్రి తలవంచుకుని ఒప్పుకుంటున్నాడు. కూర్చోమన్నారు. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే ఉన్నాను. సంచిలోంచి ఫొటోలు తీసి చాప మీద పెట్టాను. ఒకటి బోర్లా పడింది. దాన్ని తిప్పాను.

"తాడు బండికి తెగలే," అన్నాను. "నేను విప్పిన. ఫొటోకు అడ్డమొస్తదని పందెం మొదలు గాకముందే విప్పిన. మళ్ల కట్టుడు మర్చిపోయిన. పిలగాడు గీత లోపట్నే ఉన్నడు, సూడుండ్రి."

ఉస్తాద్ ఫొటోలు రెండూ అందుకుని వెలుతురులోకి పోయాడు. మేకులు, తాడు, చక్రాలు, గీత. వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నాడు. తిరిగి వచ్చి నా మొహం చూడకుండా, మీకు గూడ చెప్పిన కదా మేడం అన్నాడు. ఆయన అరిచి ఉంటే నాకు సులువయ్యేది.

అన్న లేచి నిలబడ్డాడు. మొన్న చొక్కా పట్టుకున్నట్టు నన్ను పట్టుకోలేడు. ఆడమనిషిని, దవాఖాన మనిషిని. ఆ కోపం ఎటు పెట్టాలో తెలియక షెడ్డు గోడను అరచేత్తో కొట్టాడు. మా ఆయన ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

గడ్డిమోపు మనిషి భార్య మాత్రం చాప మీద నుంచి కదల్లేదు. నన్నే చూస్తోంది.

"నువ్వేగదమ్మా ఆయన కాలు పట్టుకొని ఫొటో తీసింది?"

"నేనే."

"అప్పుడెందుకు చెప్పలే?"

"భయమైంది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మాకు గూడ భయమైతుంది," అంది. "ఆయన లేవకుంటే ఎట్ల అని రోజు భయమైతుంది."

బయట హైవే మీద లారీలు పోతున్నాయి. చివరికి ఏడో నంబరు నోరు తెరిచాడు. గొంతు పెంచలేదు.

"మూడు రోజులు నేనే గీత దాటిన అనుకున్న అక్కా. నిన్న అడిగిన గూడ."

తప్పయిందని అన్నాను. ఆ మాట నాకే చాలా చిన్నదిగా వినిపించింది. అతను లేచి, తండ్రి భుజం తట్టి, ఇద్దరూ బయటికి నడిచారు. బండి అమ్మకం మాట అక్కడితో ఆగింది.

మిగిలినవాళ్లం మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. అన్న స్టేషన్ మాట మళ్లీ ఎత్తాడు. పోతే నేను వస్తానని, ఇదే చెప్తానని అన్నాను. భార్యే వద్దంది. కాలు బాగయ్యే దాకా వైద్యం ఉస్తాదూ నేనూ చూసుకోవాలని తేలింది. అంతటితో ఆమె తృప్తి పడలేదు. "పాలు పిండేది నేను, గడ్డి కోసేది ఆయన. బర్రెలు కట్టు ఇప్పేదాక ఆగుతయా?" అని అడిగింది. నాకు గడ్డి కోయడం వచ్చా అని ఉస్తాద్ నా వైపు చూశాడు. నాది కూడా పల్లెటూరే, పన్నెండేళ్ల దాకా కొడవలి పట్టాను. వచ్చన్నాను.

ఆ తర్వాత మూడు నెలలు, ఆదివారాలు మేం కోశాం, మిగతా రోజులు ఉస్తాద్ షెడ్డు మనుషులను పంపాడు. మా ఆయన మోపు కట్టడం ఎంతకీ నేర్చుకోలేదు. స్కూటరు వెనక కట్టిన గడ్డి దారి పొడుగునా రాలుతూ పోయేది. మొదటి రెండు వారాలు ఆ ఇంట్లో మాకు నీళ్లు కూడా ఇవ్వలేదు. అన్న మమ్మల్ని చూసి లేచి వెళ్లిపోయేవాడు. నేను గడ్డిమోపు మనిషి కట్టు చూసి, కాలి వేళ్లు కదిలించమని, స్పర్శ తెలుస్తోందా అని అడిగి వచ్చేసేదాన్ని. మూడో వారమో నాలుగో వారమో చెంబుతో నీళ్లు వచ్చాయి.

ఏడో నంబరుకు ఎముక అతుక్కుంది. ఆ ఫొటోను క్లబ్బుకు పంపుదామా అని ఉస్తాద్ ద్వారా అడిగించాను. వద్దన్నాడట. వానలు వెలిశాక వేరే చోట జరిగిన పందెంలో ఒక్కసారి నడిపాడని, నాలుగో స్థానంలో వచ్చాడని విన్నాను. మలుపు దగ్గర ఇంతకుముందులా వాల్చడం లేదని ఉస్తాద్ చెప్పాడు. ఆ తర్వాత మానేశాడు. రెండేళ్లకు పర్మినెంటయ్యాడు, కంపెనీ ఇచ్చిన కొత్త దవాఖాన కార్డు పట్టుకుని తల్లిని మా దవాఖానకు తెచ్చాడు. ఆమె ఛాతీ ఎక్స్‌రే తీశాను. నమస్తే అక్కా అన్నాడు, రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగాడు. అంతకుమించి ఒక్క మాట కూడా మా మధ్య జరగలేదు. జరగాలని నేను ఎదురుచూశానన్నది నిజం.

నన్ను మళ్లీ పందేలకు రమ్మని ఉస్తాద్ పిలవలేదు. నేనూ అడగలేదు. కెమెరా బీరువాలోకి పోయింది.

గడ్డిమోపు మనిషి కట్టు విప్పింది మా దవాఖానలోనే. మొదట ఎక్స్‌రే తీశాను. రెండు ఎముకలూ వంకర లేకుండా అతుక్కున్నాయి. డాక్టరు చెప్పగానే భార్య కళ్లు మూసుకుని గోడకు ఆనుకుంది. ఆయన బల్ల దిగి, నా చెయ్యి ఒక వైపు, ఆమె చెయ్యి ఒక వైపు పట్టుకుని గది ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. కాలు సన్నబడిపోయి కర్రలా ఉంది. వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి వదిలేశాడు.

బల్ల మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాక, "నా ఫొటో ఉన్నదంట గద బిడ్డా. అందరు చూసిండ్రు, నేనే చూడలే. సూపియ్యి" అన్నాడు.

నా టేబులు సొరుగులోనే ఉంది. ఇవ్వాలా వద్దా అని భార్య వైపు చూశాను. ఆమె తలూపింది. ఇచ్చాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరికి తెచ్చుకుని, కిటికీ వైపు తిప్పి చూశాడు. మీదికి వస్తున్న బండిని చూస్తున్నాడని నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

"మోపు మంచిగనే కట్టిన," అన్నాడు.

భార్య వంగి చూసి, మంచిగనే కట్టినవు, ఇగ నడువు, బస్సు పోతది అంది.